కత్తమ్మ నెత్తురు

ఆ వీధిలో మాంసం కొట్టు నడిపే ఆమెను అందరూ కత్తమ్మ అనేవారు. చూస్తే ముప్పై అయిదేళ్లకు మించవు. నిజానికి నాలుగు వందలు దాటాయి. లోకానికి పన్నెండేళ్లు గడిస్తే ఆమె ఒంటికి ఒక్క ఏడు గడిచేది. కొట్టు వెనక గదిలో ఆమెతో ఉండే డెబ్బై ఒక్కేళ్ల ముసలావిడ ఆమె కన్నకూతురు. ఆ బిడ్డను తొమ్మిదేళ్లు కడుపులో మోసింది. జనం నోళ్లకు జడిసి ఆ తొమ్మిదేళ్లలో మూడు ఊళ్లు మారింది. ఇప్పుడు నలుగురిలో ఆ కూతుర్నే "అత్తయ్యా" అని పిలుస్తోంది.

"మీ కోడలు బంగారమండీ" అని ఎవరైనా మెచ్చుకుంటే ముసలావిడ మూతి విరిచేది. "ఏం బంగారంలెండి! నాకు తల దువ్వుకోవడం రాదని ఇప్పటికీ సణుగుతుంది."

ఆ ఒంటి తీరు వరమేమీ కాదు. ఇతరులకు నెలలో మానే గాయం ఆమెకు ఏడాది పాటు పచ్చిగా సలిపేది. అందుకే వేటపోతును కోయడంలో ఎంత చురుకో, మనుషులతో తగాదా అంటే అంత భయం. ఎవరైనా గొంతు పెంచితే తనే తగ్గిపోయేది.

ఒక మధ్యాహ్నం బేరాలు అయిపోయి మాంసం నరికే మొద్దు కడుగుతుంటే చేతికర్రతో ఒక ముసలాయన, వెంట బలిసిన కొడుకు వచ్చారు. లోపలికి రాగానే కొడుకు షట్టరు దించేశాడు.

"నీ మెడ మీద ఆ కాలిన మచ్చ ఎలా పడిందో నాకు తెలుసు" అన్నాడు ముసలాయన రొప్పుతూ. "నువ్వు దయ్యానివని మా నాన్న నీ ఇంటికి నిప్పు పెట్టినప్పుడు కిరసనాయిలు డబ్బా అందించింది నేనే. అప్పుడు నాకు పదేళ్లు. నువ్వప్పుడూ ఇలాగే ఉన్నావు."

"ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో..."

"నాటకాలొద్దు. నా గుండె ఎక్కువ రోజులు ఆడదన్నారు. నీ నెత్తురు ఎక్కించుకుంటా. మావాడు ఆసుపత్రిలో చేసే పని అదే."

కొడుకు జోలెలోంచి సూదీ గొట్టమూ నెత్తురు పట్టే ఖాళీ సంచులూ తీశాడు. వెనక గదిలో కూతురు నిద్రపోతోంది. కత్తమ్మ గొంతు తగ్గించింది. "ఒక్క సంచి తీసుకోండి. చప్పుడు చేయకుండా వెళ్లిపోండి."

ఆ ఒక్క సంచీ తిరిగి ఊరడానికి ఏడాది పైనే పడుతుందని ఆమెకు తెలుసు. అయినా చెయ్యి చాచింది. సంచి నిండింది. కొడుకు సూది తీయకుండానే రెండోది తగిలించాడు. అదీ నిండింది. మూడోది తీసేసరికి ఆమెకు కళ్లు తిరిగి మొద్దు మీదికి ఒరిగింది. కత్తులు ఖణేల్‌మని కిందపడ్డాయి.

"ఏయ్! మా అమ్మనేం చేస్తున్నార్రా!" వెనక తలుపులోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది.

కొడుకు ఒక్క తోపు తోశాడు. ముసలావిడ గోడకు కొట్టుకుని పడింది. కుడిచెయ్యి ఎండుకట్టెలా విరిగింది.

ముసలాయన కళ్లు వెలిగాయి. "అమ్మట! విన్నావురా? అయితే దీనిదీ అదే నెత్తురు. దీనిదీ తియ్!"

ఆ మాటతో కత్తమ్మకు ఇన్ని వందల ఏళ్ల భయమూ పోయింది. సూది పీకి పారేసింది. కిందపడ్డ సన్నకత్తి అందుకుని, కూతురి మీదికి వంగుతున్న వాడి మోకాలి వెనక నరం తెగ్గోసింది. వాడు అరుస్తూ కూలబడ్డాడు. కూలబడుతూనే పెద్దకత్తి దొరకబుచ్చుకుని ఆమె కడుపులో దించాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. వాడి జుట్టు పట్టి తల వెనక్కి విరిచి, వేటపోతును కోసినట్టే గొంతు కోసింది. గోడ నిండా నెత్తురు చిమ్మింది.

కొడుకు నేల మీద కొట్టుకుంటూ తండ్రి వైపు చెయ్యి చాచాడు. తండ్రి మాత్రం రెండు సంచులనూ గుండెలకు హత్తుకుని షట్టరు దగ్గరికి పాకుతున్నాడు. కూతురు ఎడమచేత్తో అయిదు కిలోల తూకంరాయి ఎత్తి ఆయన నెత్తిన వేసింది. కదలడం ఆగేదాకా మళ్లీ మళ్లీ వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు కత్తమ్మ కడుపు చూసి పెదవి విరిచాడు. ఒక్క రోజు కూడా కష్టమన్నాడు. ఆ ఒక్క రోజు చావు ఆమెకు రెండు వారాలు పట్టింది. డాక్టర్లు వింతగా చూసి వెళ్లేవారు. గుమ్మం దగ్గర పోలీసులు కాపలా ఉన్నారు. చేతికి కట్టుతో కూతురు మంచం దగ్గరే కూర్చుని చెంచాతో నీళ్లు పోసేది.

"చిన్నపిల్లని, నన్నొదిలేసి పోతావా?" అంది ఆ డెబ్బై ఒక్కేళ్ల కూతురు.

"ఏడుగురు బిడ్డల్ని నా చేతులతో మట్టిలో పెట్టానే" అంది తల్లి. "నువ్వు పుట్టినప్పట్నుంచీ అదే దిగులు, నిన్నూ పెట్టాల్సొస్తుందని. ఆ పని తప్పింది. నొప్పిగా ఉంది కానీ హాయిగా ఉంది."

మర్నాడు పొద్దున ఆమె పోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"వాళ్లిద్దర్నీ చంపిందెవరమ్మా?"

"కొడుకుని మా అమ్మ. తండ్రిని నేను."

"మీ అమ్మ ఎక్కడ?"

ముసలావిడ మంచం చూపించింది. ఇన్‌స్పెక్టరు ఆ నల్లటి జుట్టునీ, ముడత లేని ముఖాన్నీ చూసి, మతి చలించిందనుకుని జాలిగా లేచాడు. ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. అమ్మ కళ్లు ఇంకా సగం తెరిచే ఉన్నాయి. ఎడమచేత్తో మెల్లగా మూసింది.