సర్వరు అడిగే పేరు

కరెంటు వచ్చీ రాగానే బద్యా చెప్పులు గుమ్మం బయట విడిచి సర్వరు గదిలోకి వచ్చాడు. సారపాకలో కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర సరఫరా చేసే ఆ ఆఫీసుకు, కాంట్రాక్టర్లు లోడ్లు నమోదు చేసుకునే వెబ్‌సైటును మూడేళ్ల కింద, రెండువేల నాలుగులో, నిలబెట్టింది అతనే. వాళ్ల వివరాలు దారిలో ఇంకెవరూ చదవకుండా రహస్య లిపిలోకి మార్చే ఏర్పాటు కూడా పుస్తకం ముందేసుకుని తానే చేశాడు. ఆ రాతను విప్పే తాళంచెవి ఒక ఫైలు. ఆ ఫైలుకో పాస్‌వర్డ్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వరు దాన్ని అడుగుతుంది. కొట్టేదాకా సైటు లేవదు.

ఇక్కడి కరెంటు సంగతి చెప్పేదేముంది! రోజుకు నాలుగుసార్లు పోతుంది. ఊరంతా తిట్టుకునే ఆ కోత కోసం ఎదురుచూసే మనిషి బద్యా ఒక్కడే.

ఆ పాస్‌వర్డ్, చనిపోయిన అతని భార్య పేరు. వాళ్ల ఇళ్లలో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. పదకొండేళ్ల కాపురంలో ఆ పేరు అతని నోట రాలేదు. దవాఖానాలో ఆమె కళ్లు మూతలు పడుతున్నప్పుడు కూడా "ఇగో, ఇటు జూడు" అనే పిలిచాడు. ఆ బాధ అతన్ని ఇంకా తినేస్తూనే ఉంది. ఇక్కడైతే నోరు తెరవనక్కర్లేదు. ఎంత కొట్టినా తెర మీద ఒక్క అక్షరం కనిపించదు.

మధ్యాహ్నం మేనేజరు వెంకటరామారావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ్టితో నీ కాంట్రాక్టు అయిపోతోంది కదయ్యా. రేపట్నుంచి హైదరాబాదు వాళ్లే చూసుకుంటారు. ఆ పాస్‌వర్డేంటో చెప్పు, రాసుకుంటాను."

"అది చెప్పరాదు సార్."

"అదేంటి! మరి కరెంటు పోతే?"

"పాస్‌వర్డే లేకుండ జేస్త. గప్పుడు దానంతటదే లేస్తది."

"అంత సులువైతే ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదు?"

"తోచలే సార్," అని అబద్ధమాడాడు.

పాస్‌వర్డ్ తీసెయ్యాలన్నా ఆఖరిసారి దాన్నే కొట్టాలి. ఒక్కో అక్షరం ఆగి ఆగి నొక్కాడు. గదిలో ఎవరూ లేరని చూసుకుని "ద్వాలీ" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. మళ్లీ అన్నాడు. ఏడుస్తూనే ఎంటర్ నొక్కాడు.

ఐదింటికి సంచి భుజాన వేసుకుని సత్తుపల్లి బస్సెక్కాడు. సాగనంపడానికి ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున కరెంటు పోయింది, వచ్చింది. సర్వరు ఎవరినీ ఏమీ అడగకుండా లేచింది. దేన్నైనా మార్చేముందు పాతదాని నకలు ఒకటి దాచిపెట్టడం బద్యాకు పనిలో అలవాటు. అలా దాచి, తీసుకెళ్లడం మరిచిపోయాడు. పేరు చెబితే తప్ప తెరుచుకోని ఆ పాత ఫైలుతో, ఏ చీటీ అంటించని నల్ల ఫ్లాపీ ఒకటి కీబోర్డు పక్కనే ఉండిపోయింది.