చావడికి రానివాళ్ళు

కదిరమ్మకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. వీధి కుళాయి ఏ చివర పెట్టాలి, రేషను కొట్లో రాగులు తూచేటప్పుడు ఎవరు పక్కన నిలబడాలి, కొత్తగా వచ్చినవాళ్ళకు ఏ ఇల్లు బాడుగకు ఇవ్వొచ్చు, దేనికైనా ఆమె దగ్గర జవాబు సిద్ధం. మొగుడు పోయాక రెండు మగ్గాలు ఆగకుండా ఆడించి, కొడుకు మునిరాజును పనిమంతుణ్ణి చేసిన మనిషి. బెంగుళూరు పేటలోని ఆ మగ్గాల వీధిలో ఆమె మాట కాదనేవాళ్ళు తక్కువ.

వీధి ఇరుకుది. రెండు వరసల ఇళ్ళు ఎదురెదురుగా, ఒకరు తమ ఇంటి ముందు జగలి అరుగు మీద కూర్చుని ఎదుటివాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడుకునేంత దగ్గరగా ఉండేవి. పొద్దు పొడవగానే ఎవరిదో ఒకరి పడుగు, మగ్గానికెక్కించే నిలువు నూలు, వీధి పొడవునా పరిచేవారు. దానికి గంజి పట్టించి కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోగా ఆరబెట్టాలి. అది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. పడుగు ఎవరిదైనా సరే, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు వచ్చి చెయ్యి వేసేవారు. పిలవడమనేది లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, పటాలం వదిలించుకున్న లారీలు పేట వ్యాపారుల చేతికి వచ్చాయి. మార్కెట్టు నుంచి రైలు గూడ్సు షెడ్డుకు సరుకు తోలడానికి వాళ్ళకు అడ్డదారి కావలసి వచ్చింది. ఒక ఉదయం మునిసిపాలిటీ ఇంజనీరు కొలత గొలుసు పట్టే మనుషులతో వీధిలోకి వచ్చాడు. పడుగు దువ్వుతున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు. ఆయన కన్నడంలో మొదలుపెట్టి, వీధివాళ్ళ మాట విని తెలుగులోకి మారాడు. సౌమ్యంగా ఉన్నాడు.

"రోడ్డు ఇట్లే నేరుగా పోవల్ల. రెండు వైపులా జగలీలు, ముందు వసారాలు తీసేస్తాము. మీ ఇండ్లకేమీ కాదు."

అందరూ కదిరమ్మ వైపు చూశారు. ఆమె చేతిలోని కుంచె కింద పెట్టి ముందుకు వచ్చింది.

"వీధంటే బండ్లు పోయేదానికే అనుకున్నారా సామీ? మాకిది పని చేసుకునే చోటు. వసారా పోతే మగ్గం యాడ పెట్టుకోవల్ల? లారీలు తిరిగితే పడుగు యాడ పరచల్ల? ఆ వెనక తోట సుమ్నే ఖాళీగా పడుండాది. మూల కాడ తిప్పుకోని అట్ల పోనీండి మీ రోడ్డు."

ఇంజనీరు పటం విప్పి ఒక జగలి మీద పరిచాడు. చాలాసేపు చూశాడు.

"తిప్పొచ్చు. నీ మాట బాగుండాదమ్మా," అన్నాడు. "అయితే మూలిల్లు ఒకటి పోతాది. మీరంతా ఒక్క మాట మీద ఉంటే అట్లే చేస్తాను. ఎవురినీ బలవంతం చేయను. మీలో మీరే తేల్చుకోండి."

పటం మడుచుకుని ఆయన వెళ్ళిపోయాడు. వీధి వీధంతా కదిరమ్మను మెచ్చుకుంది. ఆమె మాత్రం వీధి చివరికి చూసింది. మూలిల్లు సొన్నమ్మది. కదిరమ్మ ఇంటిని ఆనుకునే ఉంటుంది.

సొన్నమ్మ విధవ. చూపు లేని అత్తను పెట్టుకుని, వీధిలో అందరి మగ్గాలకూ నూలు కండెలు చుట్టిపెట్టి బతుకుతోంది. ఇంజనీరు వచ్చినప్పుడు ఆమె ఇంట్లో రాట్నం ముందు కూర్చుని ఉంది. చప్పుడులో ఏమీ వినలేదు.

రెండు దినాలకు వీధివాళ్ళు చావడిలో కూడారు. వీధి పెద్ద ఆదినారాయణప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సొన్నమ్మను పిలవలేదు.

"ఆమె లేకుండా ఎట్లన్నా?" అంది కదిరమ్మ.

"పిలిచి ఏమి చేసేది? ఏడుస్తాది. ఏడిస్తే మనకు బాధ." ఆదినారాయణప్ప గొంతులో కోపం లేదు. "ఒక్కిల్లు పోతే వీధి నిలుస్తాది. నిలవకపోతే ఆమె మాత్రం ఎవురికి కండెలు చుడతాది?"

వీధికి అవతలి వైపు, మూలింటికి ఎదురుగా ఉండే బైరప్ప గట్టిగా తలూపాడు. "మడివాళ అవతల ఇంటి సైటు ఇస్తారంట కదా. ఇద్దరు ఆడోళ్ళకు ఎంత జాగా కావల్ల?"

మడివాళ అప్పట్లో తోటలు, చేలు ఉన్న పల్లె. అక్కడ మగ్గం ఏదీ, కండెలు అడిగేవాళ్ళెవరు అని కదిరమ్మకు అడగాలనిపించింది. కానీ రోడ్డు తిప్పమన్న మాట తనదే. ఇప్పుడు వద్దంటే నీ వసారా ఇస్తావా అంటారు. ఆమె వసారాలో రెండు మగ్గాలున్నాయి.

"అందరికీ సమ్మతమేనా?" అని అడిగాడు ఆదినారాయణప్ప. కాదన్నవాళ్ళు లేరు. సొన్నమ్మకు చెప్పే పని కదిరమ్మకే అప్పగించారు. "నీ మాట అయితే వింటాది."

కదిరమ్మ మూలింటి గడప దగ్గర నిలబడేసరికి రాట్నం ఆగి ఉంది. సొన్నమ్మ ఖాళీ కండెలను తట్టలో సర్దుతోంది.

"కూసో అక్కా. ఇల్లు గురించేనా?"

కదిరమ్మ గడప దాటలేదు.

"రెండు దినాల నుంచి ఒక్కరూ నూలు తేలేదు. ఎదురుపడితే పక్కకు తిరిగి పోతా ఉండారు, ఇంట్లో పీనుగ లేచినట్ల. నాకు తెలియదా?" సొన్నమ్మ తట్టను పక్కకు జరిపింది. "నన్నూ పిలిచి, ఇట్ల ఉండాది సంగతి, ఏమి చేద్దామని అడిగుంటే నేనే ఇచ్చేసుందునేమో అక్కా. అడగలేదు కదా ఎవురూ."

లోపలి నుంచి ముసలామె, "ఎవురే వచ్చింది?" అంది. "కదిరక్క," అంది సొన్నమ్మ. "ఆయమ్మ మంచిదే. కూసోమను," అంది ముసలామె.

ఇల్లు కూల్చిన రోజు వీధిలో పడుగు పరచలేదు. దుమ్ము పడుతుందని అన్నారు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. కదిరమ్మ ఒక్కతే వెళ్ళి ముసలామె చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. వెనక గది ఖాళీ చేసి ఇద్దరినీ అక్కడ ఉంచింది. మడివాళకు పోవద్దంది. మునిరాజు సొన్నమ్మ రాట్నాన్ని తనే నెత్తిన పెట్టుకుని మోశాడు.

అది వీధికి నచ్చలేదు. నచ్చలేదని ఎవరూ పైకి అనలేదు. సొన్నమ్మ మడివాళకు పోయి ఉంటే ఆమె సంగతి మరిచిపోయేవారు. రోజూ కుళాయి దగ్గర కనపడుతుంటే ఎట్లా? ఆమె బిందె పట్టుకుని వస్తే మాటలు ఆగిపోయేవి. కండెలు వేరే వీధిలో చుట్టించుకోసాగారు. కదిరమ్మ పడుగు పరిచిన రోజున ఎవరికో ఒళ్ళు బాగుండేది కాదు, ఎవరికో బంధువులు వచ్చేవారు. మునిరాజు, అతని పెళ్ళాం, సొన్నమ్మ, కదిరమ్మ నలుగురే అటూ ఇటూ పరుగెత్తి దువ్వేవారు. సగం పడుగు ముడతలు పడే ఎండేది.

"ఏమన్నా తప్పు చేసినామా అమ్మా?" అని అడిగాడు మునిరాజు.

"లేదు," అంది కదిరమ్మ. అన్నాక చాలాసేపు ఆ మాటనే తలచుకుంటూ కూర్చుంది.

తోట వెంట రోడ్డు పడింది. లారీలు వచ్చాయి. మూల తిరిగేటప్పుడు ఇళ్ళ లోపల గిన్నెలు కదిలేవి. ఒక లారీ తిరగలేక వెనక్కి వచ్చి బైరప్ప జగలిని గుద్దింది. మరొకటి కదిరమ్మ గోడను గీరుకుంటూ పోయింది. వానలు తగ్గాక ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. అదే సౌమ్యమైన మనిషి.

"వంపు చాల్లేదు. ఇంకొక్క ఇల్లు కావల్ల," అని ఆదినారాయణప్పతో అన్నాడు. "దారికి అటు కదిరమ్మది ఉండాది, ఇటు బైరప్పది ఉండాది. ఏదైనా నాకు ఒకటే. పోయినసారి మాదిరి మీరే తేల్చుకోని చెప్పండి."

కదిరమ్మ గుమ్మంలోనే ఉంది. ఆయన మాట వింది. తనతో ఎవరైనా వచ్చి మాట్లాడతారని ఎదురుచూసింది. రాలేదు. మరునాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోవడం వినిపించింది. తలుపు తీసి చూస్తే మగవాళ్ళు అంగీలు తొడుక్కుని, తలలు వంచుకుని చావడి వైపు పోతున్నారు. ఆడవాళ్ళు కొందరు వెనకే వెళ్తున్నారు. ఆమె ఇంటి ముందుకు వచ్చేసరికి అందరూ అడుగు వేగం పెంచుతున్నారు.

తనను పిలవలేదు. తన పేరే తేల్చబోతున్నారు.

సొన్నమ్మ వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పో అక్కా," అంది. "పిలవలేదని ఇంట్లో కూసోవద్దు. పో."

కదిరమ్మ చావడిలోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఆమె జనం మధ్యలోకి నడిచి, ఆదినారాయణప్పకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పండప్పా. ఆపినారేమి? నేను వచ్చినాను కదా."

ఆదినారాయణప్ప ఆమె ముఖం చూడలేక దూలాల వైపు చూశాడు. ఆమెతో కలిసి ఏళ్ళ తరబడి పడుగులు దువ్విన చేతులన్నీ అక్కడే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషితో, నీ ఇల్లు ఇచ్చేయమని చెప్పడం ఎవరి వల్లా కాలేదు. బయట ఒక లారీ మూల తిరగలేక మొరాయించి, అతికష్టం మీద కదిలిపోయింది.

అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు.

"బైరప్ప ఊర్లో లేడు. కూతురి కాన్పని హొసకోటెకు పోయినాడు."

అంతే. గదిలో గాలి మారినట్టయింది. వంచుకున్న తలలు మెల్లగా లేచాయి. కదిరమ్మకు అర్థమైంది. ఆమె నాలుక మీద మాటలు సిద్ధంగానే ఉన్నాయి: వాడు వచ్చేదాకా ఆగండి, వాణ్ణి పిలిపించండి, వాడి ముఖం చూసి చెప్పండి. చిన్న మాటలే. జీవితమంతా అంతకంటే పెద్ద మాటలు అనాయాసంగా అన్న మనిషి.

"అందరికీ సమ్మతమేనా?" అన్నాడు ఆదినారాయణప్ప. ఈసారి ఆమె వైపు తిరిగి అడిగాడు. అందరూ తిరిగారు.

కదిరమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. నోరు తెరవలేదు.

ఇంటికి వచ్చేసరికి సొన్నమ్మ కండె చుడుతోంది. "ఎవురిది అక్కా?"

"బైరప్పది."

సొన్నమ్మ చెయ్యి ఆగింది. "వచ్చినాడా ఆయప్ప?"

"లేడు."

సొన్నమ్మ తెగిన దారం కొస వెతుక్కుని ముడి వేసి, మళ్ళీ రాట్నం తిప్పింది. ఆ చప్పుడు కదిరమ్మకు భరించరానిదిగా ఉంది.

బైరప్ప మనవణ్ణి చూసుకుని సంతోషంగా తిరిగి వచ్చాడు. సంగతి విని వీధి నడుమ నిలబడి ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి తిట్టాడు. తలుపులు తెరుచుకోలేదు. కదిరమ్మ తన తలుపు వెనకే నిలబడి చివరిదాకా విన్నది. కదిరమ్మ ఇంటి ముందుకు వచ్చినప్పుడు అతను తిట్టలేదు. "నువ్వు కూడానా?" అని మాత్రం అన్నాడు. ఆ నెలలోనే సామాను బండికెక్కించుకుని హొసకోటెకు పోయాడు.

ఇంజనీరు మళ్ళీ వస్తాడని ఎవరూ అనలేదు. రాడని కూడా అనలేదు.

చలికాలంలో ఆదినారాయణప్ప చిన్న పని మీదే చావడికి పిలిచాడు. నూలు పంపిణీ చేసే సంఘానికి వీధి తరఫున ఎవరు పోవాలన్నది సంగతి. మామూలుగా అట్లాంటిదానికి నలుగురు కూడా వచ్చేవారు కారు. ఆ రోజు అతను వెళ్ళేసరికే చావడి నిండి ఉంది. బాలింత పొత్తిళ్ళలో బిడ్డను పెట్టుకుని వచ్చింది. జ్వరంతో ఉన్న ఒకణ్ణి మంచంతో సహా మోసుకొచ్చి గోడవార దించారు. సొన్నమ్మ అత్తను నడిపించుకుని వచ్చింది. లోపల చోటు చాలక మెట్ల మీద, కిటికీల దగ్గర నిలబడ్డారు. వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు.

పని వెంటనే తేలిపోయింది. ఇక పోదామా అన్నాడు ఆదినారాయణప్ప. ముందుగా లేచి లేనివాళ్ళ లెక్కలో పడటానికి ఎవరూ సిద్ధంగా లేరు. కదిరమ్మ పక్కవాళ్ళను చూసింది. పక్కవాళ్ళు ఆమెను చూశారు. మంచం మీద ఉన్నవాడు దగ్గుతూ, తనను అందరికంటే ముందు ఇంటికి మోసుకుపోతారేమోనని రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకుని ఉన్నాడు.