పెదవి మీది కాగితపు మంచు

మా బృందంలో పాడే శియన్ పెదవులకు నేను నీలం రంగు వేసేది ఒక్క పాట కోసమే. "మంచు కింది పడక" బృందం మొదటి క్యాసెట్‌లోది. జుట్టు నిక్కబొడిపించుకుని, ముఖానికి సున్నంలా తెలుపు పూసుకుని పాడే బృందాలు ఆ రోజుల్లో ఒసాకాలో వీధికొకటి ఉండేవి. ఆ పాట మాత్రం మా బృందానికే ఉండేది.

పాట చివర శియన్ వేదిక మీద వెల్లకిలా పడిపోతాడు. పైనుంచి కాగితపు మంచు రాలుతుంది. గిటారు వాయించే హిసుయ్ అతనికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి, ఒకే వరసను మళ్ళీ మళ్ళీ వాయిస్తాడు. హాలంతా తలలు వంచి కళ్ళు మూసుకుంటుంది. శియన్ అరచేత్తో నేలను చరిచాడంటే డ్రమ్ములు విరుచుకుపడతాయి. అందరూ ఒక్కసారిగా అరుస్తారు, అతను లేస్తాడు. అప్పటిదాకా ఎవరూ చూడకూడదు, నోరు విప్పకూడదు. ఈ నియమం పెట్టింది బృందం కాదు, మొదటి వరస అమ్మాయిలు.

తెర పక్కన నిలబడే నేనొక్కదాన్నే చూస్తాను. వాళ్ళ ముఖాలకు రంగులు వేయడం నా పని. కాగితం అంటుకోకుండా పెదవుల మీద పొడి అద్దుతాను. ఏదో ఒక మంచు ముక్క వచ్చి పై పెదవి మీద వాలుతుంది. అతని ఊపిరికి అది వణుకుతూ ఉంటుంది. అది వణుకుతున్నంతసేపు నాకు ధైర్యంగా ఉండేది.

ఆ చలికాలం చివరి ప్రదర్శనకు ముందు, వెనక తాళ్ళతో బిగించే అతని నల్లని నడుం పట్టీని కడుతున్నాను.

"ఇంకొంచెం బిగించు."

"ఇంతకంటే బిగిస్తే ఊపిరాడదు. పొద్దున్నుంచి ఏం తిన్నావ్?"

"సగం అన్నం ముద్ద. మిగతా సగం ఆ హిసుయ్ దొంగ మింగేశాడు."

నవ్వబోయి ఆగిపోయాడు. అద్దం ముందున్న బల్లను గట్టిగా పట్టుకున్నాడు. మెడ పక్కన నరం కొట్టుకుని, ఆగి, మళ్ళీ కొట్టుకోవడం నాకు కనిపించింది.

"మళ్ళీనా?" అన్నాను.

"గుండె పరీక్ష చేయించుకోమన్నాడు డాక్టరు. చేయించుకుంటాలే, ఈ ప్రదర్శనలు అయిపోయాక."

"ఇవాళ ఆ పాట వద్దని చెప్పు."

"ఆ పాట లేకపోతే వాళ్ళు వచ్చేది ఎవరికోసం, కనో? నీకోసమా?" అద్దంలోంచి నన్ను చూశాడు. "ఎవరితోనూ అనకు. నోరు విప్పవనేగా నిన్ను పెట్టుకున్నాం."

నిజమే. అకితా కొండల్లో మా ఊరి బడిలో, హాజరు పిలిచినప్పుడు నేను పలికినా పంతులమ్మకు వినపడేది కాదు.

మంచినీళ్ళ సీసాల కోసం వెనక తలుపు దగ్గరికి వెళ్తే తోమోయె కనిపించింది. అభిమానుల్లో మొదటి వరసలో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేది ఆవిడే. ఆవిడకు ఎదురుగా ఇద్దరు కొత్త పిల్లలు తలలు వంచుకుని నిలబడ్డారు.

"ఆయన లేచేదాకా తుమ్మొచ్చినా మింగాలి. తెలిసిందా?"

"దగ్గొస్తే, అక్కా?"

"దగ్గొచ్చేవాళ్ళు ఇంట్లో కూర్చుని క్యాసెట్ వినండి."

నన్ను చూసి నవ్వింది. "కనోను చూసి నేర్చుకోండే. ఈమెను చీమ కుట్టినా చప్పుడుండదు."

పాట మొదలైంది. శియన్ గొంతు ఎప్పటికన్నా సన్నగా ఉంది. చివరికి వచ్చేసరికి పడిపోయాడు. ఎప్పుడూ ముందుగా మోకాళ్ళు వంచి ఒద్దికగా వాలేవాడు. ఈసారి తల నేలకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. హిసుయ్ గోడవైపు తిరిగాడు. హాలులో తలలన్నీ వంగాయి.

మంచు రాలింది. ఒక ముక్క పై పెదవి మీద వాలింది.

అది వణకలేదు.

గిటారు వరస ముగిసి మళ్ళీ మొదలైంది. పెదవులు నీలంగా ఉన్నాయి, కానీ ఆ నీలం నేను వేసిందే. గోళ్ళకు నలుపు, చెంపలకు తెలుపు పూసింది కూడా నేనే. అతని ఒంటి రంగు ఎక్కడా కనపడకుండా చేసిపెట్టాను. ఆ కాగితం ముక్క తప్ప నాకు చూసుకోవడానికి ఇంకేమీ లేదు. అది కదలడం లేదు.

వేదిక మీదికి పరిగెత్తాను. అభిమానులెవరికీ తెలియని అతని అసలు పేరు పెట్టి అరిచాను. "కెన్‌సాకూ!"

ఒక్క తల లేవలేదు. అంత బాగా నేర్చుకున్నారు. అతని పక్కన మోకాళ్ళ మీద పడ్డాను. ఆ ఊపుకు నా రెండు అరచేతులూ నేలను చరిచాయి.

డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. హాలంతా సంతోషంతో అరిచింది. దీపాలు తెల్లగా వెలిగాయి. వందల చేతులు లేచాయి, జుట్లు ఎగిరాయి. వాళ్ళ మధ్య నా కేకలు నాకే వినపడలేదు. నడుముకున్న సంచిలోంచి కత్తెర తీసి అతన్ని పక్కకు తిప్పాను. తాళ్ళు తెంచుతూనే ఉన్నాను, వాళ్ళు అరుస్తూనే ఉన్నారు.

తోమోయె చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. వెనక్కి తిరిగి రెండు చేతులూ అడ్డంగా పెట్టింది. మొదటి వరస ఆగింది, తర్వాత రెండోది, ఆ తర్వాత హాలంతా. ఆ నిశ్శబ్దంలో చివరి తాడు తెగింది. శియన్ ఛాతీ ఒక్కసారి పైకి లేచింది.

అతను బతికాడు. గుండె అదుపు తప్పి కొట్టుకుంటోందని, ఇలాంటి పని మళ్ళీ పెట్టుకోవద్దని ఆసుపత్రిలో చెప్పారు.

కానీ ఆ రాత్రి హాలులో ఎవరో దొంగతనంగా ఆ పాటను క్యాసెట్ మీద రికార్డు చేశారు. కాపీలు చేతులు మారాయి. "మంచు కింది పడక" అన్నిటికన్నా గొప్పగా వచ్చింది ఆ రోజేనని అందరూ అన్నారు. చెర్రీలు పూసేలోపే శియన్ మళ్ళీ పాడతాడని గోడల మీద కాగితాలు పడ్డాయి. ఈసారి పెద్ద హాలు. టిక్కెట్లన్నీ అయిపోయాయి.

ఆ ప్రదర్శన రోజు సాయంత్రం వెనక తలుపు దగ్గర తోమోయె నా చెయ్యి పట్టుకుంది.

"నియమం మార్చాం కనో. ఈసారి కళ్ళు మూసుకోం."

"మంచిది," అన్నాను. "ఏమైనా అయితే మీకూ కనపడుతుంది."

"అవటానికేముంది? అందరూ చూడ్డానికేగా వస్తున్నది." ఆవిడ గొంతు మెత్తగా ఉంది. "ఇంకోటి. క్యాసెట్‌లో నువ్వు పేరు పెట్టి పిలిచావు చూడు, అది ఎంత బాగా కుదిరిందో! ఇవాళ ఆ చోట మేమంతా పిలుస్తాం. పిల్లలు వారం నుంచీ సాధన చేస్తున్నారు."

లోపల శియన్ పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. నా చేత కాకుండా హిసుయ్ చేత బిగింపించుకున్నాడు. నేను ఎర్ర రంగు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. అతను తల అడ్డంగా ఊపి నీలం డబ్బా నా ముందుకు జరిపాడు.

"వద్దు, కెన్‌సాకూ."

"ఆ పేరు ఇప్పుడు వాళ్ళది," అన్నాడు.

నేను వేయకపోతే తనే వేసుకుంటాడు. వేశాను. అలవాటు కొద్దీ పొడి డబ్బా మూత తీసి, దూదితో అతని పెదవుల మీద అద్దాను. అతను అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నాలుకతో పై పెదవిని నెమ్మదిగా తడిపి, పొడినంతా నాకేశాడు.

"ఇవాళ పొడి వద్దు," అన్నాడు. "అంటుకుంటే అంటుకోనీ." అంటుకున్న ముక్క ఊపిరి ఉన్నా వణకదు.

హాలులోంచి వందల గొంతులు అతని అసలు పేరును సాధన చేస్తున్నాయి.