కళావరు రాజు ఎవరి దగ్గర

యార్డులో అతన్ని సమ్మెట అనే పిలుస్తారు. పాత లారీల ఇరుసులు విరగ్గొట్టడం అతని పని. ఇంట్లోనూ చెయ్యి ఊరుకోదు. ఒకనాడు కూర చల్లారిందని భార్య పన్ను రాలగొట్టాడు. ఆమె నోట్లో గుడ్డ కుక్కుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

తీసుకురావడానికి వెళితే గుమ్మంలోనే ఆపింది.

"ఇక్కడ మేం ఆదివారాలు బ్రిడ్జి పేకాట ఆడతాం. నేర్చుకుని రా. నాకు జోడీగా కూర్చుని ఒక్క ఆట ఆడు. ఓడినా నీ చెయ్యి లేవకపోతే ఆ పూటే వస్తా. లేచిందా, మళ్ళీ ఈ గడప తొక్కకు."

యార్డులో భోజనాలయ్యాక క్రేను నడిపే ముసలాయన డబ్బా బోర్లించి పేక పరుస్తాడు. సమ్మెట వెళ్ళి చతికిలబడ్డాడు. నలుగురాట. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్క వేసినవాళ్ళది. ఎదురుగా ఉన్నవాడు జోడీ. ఏ రంగు తురుపో, ఎన్ని పట్లు పడతారో ముందు వేలంలా పాడాలి. పాడినన్ని పట్టలేకపోతే ఓటమి.

మొదటిరోజే రక్తం కారింది. అవతలివాళ్ళు ఇస్పేటు పాడారు. జోడీగా కూర్చున్న వెల్డరు "డబుల్" అన్నాడు. సమ్మెట అది అవతలివాళ్ళకి సవాలనుకుని "కానివ్వండి" అని ఊరుకున్నాడు. ఆట పోయాక సమ్మెట ఆ వెల్డరు ముక్కు మీద ఒక్కటి గుద్దాడు.

"నీ రంగేంటో చెప్పమని అడిగాడ్రా వాడు," అన్నాడు ముసలాయన, ముక్కల మీద రక్తం తుడుస్తూ. "కొట్లాటకి రమ్మనలేదు."

"మంచినీళ్ళడిగినా వీడికి ఇలాగే వినపడుతుంది కాబోలు," అన్నాడు వెల్డరు తల వెనక్కి వాల్చి.

ఆ తర్వాత ఫినెస్ అనే ఎత్తు నేర్పాడు ముసలాయన. "ఆసూ రాణీ నీ జోడీ దగ్గరున్నాయి. రాజు పరాయివాడి దగ్గరుంది. నువ్వేమో ఆసు గుద్దేస్తావు. గుద్దితే రాజు పడుతుందట్రా? అటుకేసి చిన్న ముక్క ఆడు. మధ్యవాడు రాజు తియ్యకపోతే రాణి వెయ్యి. రాజు వాడి దగ్గరే ఉంటే రాణి నిలుస్తుంది."

"రాజు అవతలి రెండోవాడి దగ్గరుంటే?"

"రాణి పోతుంది. సరిగ్గా ఆడినా సగంసార్లు పోతుంది. నోరు మూసుకుని తర్వాతి ముక్క ఆడాలి."

ఆదివారం వెళ్ళాడు. ఎదురుగా భార్య, ఎడమన బావమరిది, కుడివైపు అతని పెళ్ళాం. సమ్మెట ఆమెను చెల్లెమ్మా అంటాడు.

"ఒక ఆటీను," పాడాడు సమ్మెట.

"ఒక ఇస్పేటు బావా. తగ్గేది లేదు."

భార్య రెండు ఆటీన్లంది. చెల్లెమ్మ రెండు ఇస్పేట్లంది. మూడుకి మూడు పాడుకున్నారు. సమ్మెట మెడ నరాలు ఉబ్బాయి. భార్య నెమ్మదిగా నాలుగు ఆటీన్లంది. ఇక ఎవరూ పాడలేదు. ఆరు పైన నాలుగు, అంటే పది పట్లు పట్టాలి.

ఆటీను ముందు పాడింది సమ్మెట కనక ఆట అతనిది; భార్య ముక్కలు బల్ల మీద పరిచేసింది. వాటినీ అతనే ఆడాలి, ఇక ఆమె పని చూడటమే. తొమ్మిది ఖాయం. పదోది ఆమె పరిచిన కళావరు ఆసూ రాణీల్లో రాణి మీద ఉంది. అంత తెగబడి పాడాడు కనక రాజు బావమరిది దగ్గరే ఉండాలి. సమ్మెట చిన్న కళావరు ఆడాడు. బావమరిది అంతకన్నా చిన్నది వేశాడు. ఆసు గుద్దాలని చెయ్యి దురద పెట్టింది. ఓర్చుకుని రాణిని లాగాడు.

చెల్లెమ్మ రాజు వేసింది.

"పోయింది బావా," అని నవ్వాడు బావమరిది.

"తప్పేం ఆడలేదు," అంది భార్య. ఆమె అతని చేతినే చూస్తోంది. "తర్వాతి ముక్క ఆడు."

పట్టు తీసుకోబోయిన చెల్లెమ్మ మణికట్టు అప్పటికే అతని పిడికిట్లో ఉంది. "మొగుడు పాడితే నువ్వు దాస్తావా?" అని మెలిపెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. బావమరిది స్టూలెత్తి అతని చెవి మీద కొట్టాడు. ఇద్దరూ బల్లతో సహా కూలిపోయారు. సమ్మెట అతని గొంతు పట్టుకుని తల నేలకేసి బాదాడు. రెండో స్టూలు వీపున విరిగితే గాని వదల్లేదు.

ఆ స్టూలు భార్య చేతిలో ఉంది.

"ఆట సరిగ్గానే ఆడావు," అంది రొప్పుతూ. "ఇక వెళ్ళు."

ఆమె మరదలి చేతికి తువ్వాలు చుట్టసాగింది. సమ్మెట చెవి పట్టుకుని గుమ్మం దిగాడు.