పోలీసుల శాతాల్లో లెమ్యుయెల్ తాత

ఆ సాయంత్రం నా కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఒహాయోలోని మా చిన్న ఊరి నగర సభలో, పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు వినే పౌర సంఘం ఉండాలా పోవాలా అని ఓటింగు. అది పోతే దెబ్బలు తిన్న నల్లవాళ్ల మాట వినే దిక్కుండదు. నేను కాలేజీలో గణాంకాలు చెబుతాను. పోలీసులు సభకి ఇచ్చిన పట్టికలో కిటుకు ఎక్కడుందో మధ్యాహ్నమే దొరికింది. అప్పట్నుంచీ ఒకటే నవ్వు.

మైకు ముందు మనిషికి రెండే నిమిషాలు. మా చర్చిలో పాడే పిన్నులూ అత్తలూ అందరూ పేర్లిచ్చి, వరసగా వచ్చి, తమ నిమిషాలు నాకే ధారపోశారు. అధ్యక్షుడి మొహం చూడాల్సిందే.

రోడ్డు మీద కార్లు ఆపించి తనిఖీ చేసినవాళ్లలో, నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా, వందకి ఇద్దరి మీదే బలప్రయోగం చేశాం, ఇంక వివక్ష ఎక్కడుందని పోలీసు అధికారి అంతకుముందే అడిగి కూర్చున్నాడు. అసలు ఆపింది ఎవర్నని నేనడిగాను. ఊళ్లో నలుగురిలో ఒకరం మేం నల్లవాళ్లం, ఆపినవాళ్లలో మాత్రం సగం మందిమి. ఉత్తినే ఆపి వదిలేసిన ప్రతి మనిషీ ఆ వందలో చేరి, కొట్టిన శాతాన్ని తగ్గించేస్తాడు. ఎంతమందిని అనవసరంగా ఆపితే పట్టిక అంత ముద్దొస్తుంది.

ఎనభై దాటినా కారు తానే నడుపుకునే మా చర్చి పెద్ద లెమ్యుయెల్ తాత లేచి మైకు దగ్గరికొచ్చాడు.

"అంటే అమ్మాయ్, నన్ను ఆపి వదిలినప్పుడల్లా వీళ్లకి మార్కులు వేయిస్తున్నది నేనేనా?"

"నువ్వే తాతా."

"మరి ఇన్నేళ్లలో ఒక్కడూ థాంక్స్ చెప్పలేదేం?"

హాలు గొల్లుమంది. పోలీసు అధికారి కూడా మీసం చాటున నవ్వాడు. నేనైతే పడిపోకుండా బల్ల పట్టుకున్నాను.

ఆపి వదిలేసిన తనలాంటివాళ్ల గురించి ఆ పట్టికలో ఏమని రాశారని తాత అడిగాడు. బలప్రయోగం లేదు అని రాశారన్నాను.

"రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, పక్కన మా ఆవిడ ఏడుస్తుంటే, కదలొద్దే అని బతిమాలుకుంటూ కూర్చున్నా. అంటే ఏమీ జరగనట్టేనామ్మా?"

నవ్వులు ఆగిపోయాయి.

ఓటింగు మొదలైంది. ఏడుగురు సభ్యుల్లో మూడూ మూడూ సమానమయ్యాక, చివరి సభ్యురాలు హాల్వర్సన్ గారి వంతొచ్చింది. సంఘం రద్దుకే తన ఓటని ఆవిడ పొద్దున అందరికీ చెప్పింది. మైకు నొక్కి, తాత వైపు చూసింది.

"జరిగిందండీ," అంది. "సంఘం ఉండాలి."

పిన్నులు నన్ను లాగి కుర్చీల మధ్య గిరగిరా తిప్పారు. నేను ఏడుస్తూ నవ్వుతూ తాత కోసం వెతుక్కున్నాను.