అట్ట కింద చిన్న జత

నా చెవులు చిన్నవని పెళ్లయిన మూడో రోజుదాకా నాకు తెలియదు. మనిషి తన చెవుల్ని తాను చూసుకోవడం తక్కువ. ముమ్మిడివరం వచ్చే బస్సులో లక్ష్మీతులసి నా పక్కన కూర్చుని, కాసేపు నా వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి?"

"ఏం లేదండీ. మీ చెవులు. ఎవరో చిన్నపిల్లలవి తెచ్చి అతికించేసినట్టున్నాయి."

రెండేళ్ల తర్వాత పాప పుట్టినప్పుడు మా అత్త దుర్గమ్మగారు గుడ్డ తొలగించి మొదట అన్న మాట కూడా వాటి గురించే. "చెవులు నాన్నయ్యే." బారసాలలో యామిని అని పేరు పెట్టాం గానీ ఆ పేరుతో పిలిచిందెవరూ లేరు. పాప అనేవాళ్లం. చెవులు కుట్టించడానికి తులసి సన్నని పోగులు చేయించి బీరువాలో పెట్టింది. నాలుగో నెలలో, రెండు రోజుల జ్వరంతో పాప పోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నేను మరీ మాట్లాడలేదు. రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్ని. ఆరు చెరువులున్నాయి, ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. మూడో రోజునే పనిలోకి వెళ్లిపోయాను. గుండె గట్టివాడని అందరూ అన్నారు. ఆ మాట నాకు ఎంత ఉపయోగపడిందో ఇప్పుడు తెలుస్తోంది. గట్టివాణ్ణి అని ఒకసారి అనిపించుకుంటే ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు. తులసి కూడా అడగలేదు. మూడు నెలలు చూసి, వాళ్ల పిన్ని కూతురు సూర్యకుమారి పనిచేసే కువైట్‌కి తానూ వెళ్తానంది. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకు వెళ్తున్నావని అడగాలి, అడిగితే తను చెప్తుంది.

ఇంటిపని అని తీసుకెళ్లారు. తీరా వెళితే ఆ ఇంట్లో మూడు నెలల బాబు ఉన్నాడు. ఆ సంగతి నెల్లాళ్ల తర్వాత చెప్పింది, ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉందని చెప్పినట్టుగా.

అక్కడ మధ్యాహ్నం రెండింటికి ఇంటివాళ్లంతా నిద్రపోతారు. తనకి దొరికే తీరిక ఆ అరగంటే. ఇక్కడ అప్పటికి నాలుగున్నర. నేను చెరువు దగ్గర ఉంటాను. ఏరేటర్లు తిరుగుతుంటాయి. రొయ్యకి గాలి అందడానికి నీళ్లని చిలికే చక్రాలు అవి. చెరువుకి ఎనిమిది. ఆ మోతలో ఫోను చెవికి ఆనిస్తే మనిషి గొంతు కాదు, ఏదో దూరపు ఈల వినిపిస్తుంది. అందుకని గట్టు మీది రేకుల మకాంలోకి వెళ్లి, మేత బస్తాల మీద ఫోను పెట్టి స్పీకరు నొక్కేవాణ్ణి. టీ తాగడానికి అందరూ చేరే వేళ కూడా అదే. మా వైపు గల్ఫ్ ఫోను ఎవరిదైనా అందరిదీ అవుతుంది. "తులసమ్మా, బాగున్నావా అమ్మా, ఎండలెలా ఉన్నాయి?" అని నలుగురూ నాలుగు వైపుల నుంచి అడుగుతారు. అందులో తప్పు పట్టేవాళ్లెవరూ లేరు. అక్కడున్నవాళ్లకి నాలుగు గొంతులు వినపడితే సొంత ఊళ్లో ఉన్నట్టుంటుందని అనుకుంటాం.

తులసి మొదట అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "స్పీకరెట్టేరా అండీ?"

"ఇక్కడ మోత."

"చెవిలో ఎట్టుకునేయి కొనుక్కోవచ్చు కదండీ."

కొన్నాను. ముమ్మిడివరంలో కొన్నవి గట్టి ప్లాస్టిక్కువి. వంగితే చాలు జారి నీళ్లలో పడేవి. రబ్బరు మూతి ఉన్నవి కొంటే ఎవరో బొటనవేలు చెవిలో దూర్చి తీయనట్టుండేది. మర్నాటికి పుండు పడింది. అమలాపురంలో చెవి డాక్టరు గారు దీపం వేసి చూసి, "రంధ్రం సన్నం. లోపలి చర్మం కూడా పల్చన. ఏదీ బలవంతంగా దూర్చకండి" అన్నారు. ఆ మాట తులసికి ఫోన్లో చెప్పాను. చెప్తున్నప్పుడు నా గొంతులో కొంచెం సంతోషం ఉంది. బడికి వెళ్లనక్కర్లేదని తేలిన పిల్లవాడి సంతోషం.

సూర్యకుమారి సెలవు మీద వచ్చినప్పుడు తులసి ఒక పొట్లం పంపింది. ఖర్జూరం, తలనొప్పి మందు, ఒక చిన్న తెల్ల డబ్బా. డబ్బాలో ఇయర్‌ఫోన్లు. వచ్చినవి వచ్చినట్టు పెట్టుకున్నాను. మళ్లీ అదే నొప్పి.

"సరిపోయాయా అండీ?" అని ఆ సాయంత్రం ఆశగా అడిగింది.

"నొప్పే."

"డబ్బా మొత్తం ఇప్పి చూసేరా?"

"ఆఁ, చూశాను."

"సరేనండీ" అంది. ఇక ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. డబ్బా మకాంలో మందుల పెట్టెలో పడింది.

దసరా వెళ్లిన వారం. మకాంలో నలుగురం ఉన్నాం. మా పనివాడు బుల్లిరాజు టీ పోస్తున్నాడు. పక్క చెరువులు కౌలుకి చేసే సత్యదుర్గారావు గారు బస్తా మీద కూర్చుని బీడీ వెలిగించారు. ఫోను మోగింది. తులసి గొంతు ఆ రోజు వేరేగా ఉంది, మెల్లగా, దగ్గరగా.

"స్పీకరెట్టేరా అండీ?"

రోజూ అడిగే ప్రశ్నకి రోజూ చెప్పే జవాబు చెప్పడం ఆ రోజు విసుగనిపించింది. అంతే. అంతకు మించి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

"లేదులే, చెప్పు."

"ఎవరితో చెప్పుకోవాలో తెలీట్లేదండీ. సూర్యక్కకి కూడా చెప్పలేదు. ఇక్కడ బాబు ఏడిస్తే... నాకు పాలు చేపుకొస్తన్నాయండీ. ఆగిపోయాయనుకున్నాను. వాడేడవగానే జాకెట్టు తడిసిపోతంది. పాపేడ్చినట్టే ఉంటదండీ. నేనేం చెయ్యాలి?"

మకాంలో బుల్లిరాజు చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆ క్షణంలో నేను చెయ్యగలిగింది ఒకటే ఉంది. ఫోను తీసుకుని బయటికి నడవడం. నాలుగు అడుగులు. చెయ్యి కూడా చాపాను. ఈలోగా సత్యదుర్గారావు గారు ఇబ్బందిని తట్టుకోలేక, చెడ్డవాడై మాత్రం కాదు, నా వైపు తిరిగి అనేశారు.

"ఏరా నూకరాజూ, కువైట్లో పాలకేంద్రమెట్టిత్తావేంట్రా!"

నవ్వు వచ్చింది. ఆయనది, ఇంకొకరిది. ఆ నవ్వులో నాది కూడా ఉంది. పెద్దదేమీ కాదు, ముక్కులోంచి వచ్చే గాలిలాంటిది. నా నవ్వు ఎలా ఉంటుందో తులసికి నాకంటే బాగా తెలుసు.

"ఆయ్. ఉంటానండీ" అని పెట్టేసింది.

దుర్గారావు గారు బీడీ పారేసి, "నాకేం తెలుసురా, నోరు జారింది, అమ్మాయితో నేను మాటాడతాన్లే" అన్నారు. మాట్లాడలేదు. ఏమని మాట్లాడతారు?

ఫోన్లు మానలేదు. మర్నాడు నాలుగున్నరకి ఠంచనుగా మోగింది. తిన్నారా అండీ. వానొచ్చిందంట కదా. అత్తయ్యగారి మోకాళ్లెలా ఉన్నాయి, అని మా అమ్మ గురించి. స్పీకరు పెట్టారా అని అడగడం మానేసింది. అది మానేశాకే నాకు భయం పట్టుకుంది. అడుగుతున్నన్నాళ్లూ నాకు చెప్పాల్సింది ఏదో తన దగ్గర ఉన్నట్టు. ఇప్పుడు ఎవరైనా వినగలిగే మాటలే చెప్తోంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. అలా నాలుగు నెలలు.

ఆ నాలుగు నెలల్లో నా గురించి నేను ఒక విషయం తెలుసుకున్నాను. నా చెవుల నొప్పి నిజం, పుండ్లు నిజం. కానీ ఆ నొప్పికి నేను రుణపడి ఉన్నాను. చెవిలో పెట్టుకుంటే తులసి గొంతు గదిలో ఉండదు, నా తల లోపల ఉంటుంది. పాప ఏడుపు ఉన్న చోట. అక్కడికి తనని రానివ్వడం నాకు ఇష్టం లేదు. స్పీకరులో అయితే తన మాట నలుగురికీ పంచుతాను, నా వంతుకి నాలుగో వంతే వస్తుంది. దానికి జవాబు కూడా ఎవరో ఒకరు చెప్తారు. ఈ సంగతి తులసికి ఎప్పుడో అర్థమై ఉంటుంది. అయినా, లోపం నా చెవుల్లోనే ఉందని నమ్మి, నమ్మినట్టుండి, అక్కడి నుంచి డబ్బా పంపింది.

సంక్రాంతి వెళ్లాక, రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువులు ఖాళీగా ఉన్న రోజుల్లో, నా చెవులకి సరిపడేవి వెతకడానికి బయల్దేరాను. కొత్త రొయ్యపిల్ల కోసం నీళ్లు పెట్టి మళ్లీ ఏరేటర్లు వేసేలోగా దొరకాలనుకున్నాను. అప్పుడు తనకి, ఇప్పుడు నేనొక్కణ్ణే వింటున్నానని చెప్పగలగాలి.

రాజోలులో ఒకాయన తల మీదుగా పెట్టుకునేది ఇచ్చాడు. రెండు గిన్నెలు చెవుల్ని దాటి దవడ మీదికి దిగాయి.

"హెలికాప్టరు తోల్తన్నట్టున్నారండీ" అన్నాడు.

"చిన్నదేమీ లేదా?"

"ఇదే చిన్నదండీ. మీరే..." అని ఆగిపోయాడు.

కొత్తపేటలో ఇంకొకాయన రబ్బరు మూతిది పట్టుకుని ధైర్యం చెప్పాడు. "పది రోజులెట్టుకోండి, చెవే సాగుద్ది. కొత్త చెప్పు కరవదా అండీ? అలాగే."

"చెప్పు సాగుతుందండీ, కాలు కాదు కదా."

"అదీ నిజమేనండీ" అని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాడు.

చివరికి అమలాపురం గడియారస్తంభం దగ్గర సందులో ఒక చిన్న షాపు. లోపల ప్రసన్న అనే ఆవిడ ఫోన్లు బాగుచేస్తోంది. విషయం చెప్పగానే, "ఇటు తిరగండి" అని ఫోను దీపం నా చెవిలోకి వేసి చూసింది.

"మా నాన్నగారివీ ఇంతేనండీ. ఎవరితో మాటాడటానికి?"

"మా ఆవిడ. కువైట్లో ఉంది."

"మరి ఇన్నాళ్లూ?"

"స్పీకర్లో."

ఆవిడ తల ఎత్తి ఒక్కసారి చూసింది. "పాపం ఆవిడ" అని మళ్లీ తల దించుకుంది. "మీ దగ్గరున్నయ్యి ఏమైనా తెచ్చేరా?"

సంచీలోంచి తెల్ల డబ్బా తీసి ఇచ్చాను. ఆవిడ ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి, వాటి కింద ఉన్న అట్టని గోటితో ఎత్తింది. నేను ఇన్నాళ్లూ అది డబ్బా అడుగే అనుకున్నాను. దాని కింద చిన్న ప్లాస్టిక్ కవరు. అందులో రెండు జతల రబ్బరు మూతులు. ఒక జత మినప గింజలంత ఉంది.

"అన్నిటికీ మూడు సైజులొస్తాయండీ. మధ్యవి తగిలించి ఇస్తారు. చిన్నయ్యి ఎవరూ ఇప్పరు" అంటూనే ఆగింది. అట్టని తిప్పి చూసి, నా చేతిలో పెట్టింది.

వెనకాల బాల్‌పెన్నుతో తులసి రాత. "చిన్నవి ఇవి. ఇవి ఎక్కించుకోండి. నేను పెట్టి చూసేను, మెత్తగా ఉన్నాయి."

ప్రసన్న పాత మూతులు ఊడదీసి చిన్నవి ఎక్కించింది. నేను పెట్టుకున్నాను. పెట్టుకున్నట్టే తెలియలేదు. బయట రోడ్డు మీద ఆటోల గోల సన్నగిల్లిపోయింది. ఎంత ఇవ్వమంటారని అడిగితే, "మీయ్యే కదండీ" అంది.

ఆ సాయంత్రం నాలుగున్నరకి నేను మకాంలోకి వెళ్లలేదు. చివరి చెరువు గట్టు మీద నిలబడ్డాను. నీళ్లు పెట్టి రెండు రోజులైంది, ఏరేటర్లు తిరుగుతున్నాయి. చెవుల్లో మాత్రం అవి ఎక్కడో పొలాల అవతల ఉన్నట్టున్నాయి. నేనే ఫోను చేశాను.

"ఏంటండీ, మీరు చేసేరు? అత్తయ్యగారు బాగున్నారా?"

ఎంత దగ్గరగా ఉంది ఆ గొంతు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా వినిపించింది.

"బాగుంది. తులసీ, స్పీకరు కాదు. నువ్వు పంపినవి పెట్టుకున్నాను. చిన్నవి. ఇవాళే చూశాను."

"ఇవాళా?"

"డబ్బా ఆ రోజు మొత్తం విప్పలేదు. విప్పానని చెప్పాను."

అవతల గోడ గడియారం కాబోలు, టిక్కుటిక్కుమంటోంది.

"ఇక్కడ ఎవరూ లేరు. గట్టు మీద ఒక్కణ్ణే ఉన్నాను. ఆ రోజు చెప్పావే. అది చెప్పు. వింటాను."

"ఏ రోజండీ?"

"దసరా వెళ్లాక. పాలు..."

"అయ్యో, అదా అండీ." గొంతులో కోపం లేదు. కోపం ఉందేమోనని చెవి రిక్కించి మరీ విన్నాను. "అయ్యి ఆగిపోయాయండీ. ఎప్పుడో. సూర్యక్క మాత్రలు తెస్తానంది గానీ అక్కర్లేకపోయింది. వాటంతట అయ్యే ఆగిపోయాయి."

"పాప గురించి చెప్పు."

"ఏం చెప్పమంటారండీ?"

నిజంగా అడిగింది. ఏం చెప్తే నాకు బాగుంటుందో కనుక్కుని చెప్పడానికి అడిగినట్టు. కూర ఏం వండమంటారని అడిగినట్టు. ఆ చెప్పాల్సింది తన దగ్గర ఒకప్పుడు ఉండేది.

"బాగా ఇనపడతందా అండీ?"

"బాగా."

"నొప్పేం లేదు కదా?"

"లేదు."

"మంచిదండీ."

అప్పుడు బాబు ఏడ్చాడు. గది అవతలి నుంచి, నిద్రలోంచి లేచిన ఏడుపు. "లేచేడండీ, ఉంటాను" అని ఫోను ఎక్కడో పెట్టింది. కట్ చెయ్యడం మరిచిపోయింది. అడుగుల చప్పుడు. ఊయలో మంచమో కిర్రుమంది. "వచ్చేనమ్మా, వచ్చేను, వచ్చేసేను కదా." అవే మాటలు. అదే సాగదీత, చివర్న అదే దిగుడు. మా ఇంట్లో నాలుగు నెలలు రోజూ విన్న రాగం. అప్పుడు నేను చొక్కా వేసుకుంటూనో, మేత లెక్క చూసుకుంటూనో విన్నాను.

ఏడుపు తగ్గింది. వెక్కిళ్లయింది. అదీ తగ్గింది. తులసి ఊపిరి, పసివాడి ఊపిరి విడివిడిగా వినిపిస్తున్నాయి. యామిని అని ఒకసారి పైకి అన్నాను. అక్కడ ఫోను దగ్గర ఎవరూ లేరు.

మకాం ముందు బుల్లిరాజు చెయ్యి ఊపుతూ నన్ను పిలుస్తున్నాడు. నోరు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినపడటం లేదు. నేను అలాగే నిలబడ్డాను. చెవులు ఏమాత్రం నొప్పి పెట్టలేదు.