పదకొండో మంచం మీద సూపరింటెండెంటు

ఉదయం పది నలభై రెండుకి ఆసుపత్రి సూపరింటెండెంటు పదకొండో మంచం మీంచి కాలు కింద పెట్టారు. ఆ సంగతి వార్డు రిజిస్టరులో ఉంది.

అంతకు గంట ముందు ఆయన, నర్సింగులో డాక్టరేట్ చేసి వచ్చిన నర్సును తన గదికి పిలిచారు. వార్డులో ఆమెను వెటకారంగా డాక్టరమ్మ అంటారు. ఆమె కోసం పెట్టిన కొత్త పోస్టు ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ రోజే తేల్చాలి.

"నాలుగేళ్లు చదివావు కదమ్మా, ఏం నేర్పారు? ఇంజెక్షన్ వేరేగా వేస్తావా?"

"ఇంజెక్షన్ ముందే వచ్చు సార్. రోగులు మంచం దిగి ఎందుకు పడిపోతున్నారో ఆరా తీసి, పద్ధతి మార్పించడం నేర్పారు. మూడు నెలల్లో తొమ్మిది మంది పడ్డారు. ఏడుగురు నర్సును పిలిచే బెల్లు అందక దిగినవాళ్లే."

పక్కనే ఉన్న హెడ్ నర్సు అడ్డుపడింది. ఆవిడ డాక్టరమ్మకు సొంత పిన్ని. పక్క సర్దాక బెల్లు తీగ దుప్పట్లో చిక్కుకోకుండా గోడ కొక్కేనికి తగిలించాలని ఇరవై రెండేళ్లుగా అందరికీ నేర్పింది ఆవిడే.

"నీకు జడ వేసినదాన్ని, నాకే వార్డు నేర్పుతావుటే?"

"జడ బాగానే వేశావు పిన్నీ. బెల్లే అందట్లేదు."

సూపరింటెండెంటు నవ్వారు. "కాసేపు కదలకుండా పడుకోవడం కూడా చేతకాదా ఈ రోగులకి?"

"మీరు పడుకోండి సార్. అరగంట దిగకుండా ఉంటే రేపట్నుంచి నేను మామూలు డ్యూటీకి పోతాను."

పదకొండో మంచం ఖాళీగా ఉంది. పిన్ని పక్క సర్ది, అలవాటుగా బెల్లు కొక్కేనికి తగిలించింది. డాక్టరమ్మ సెలైన్ ట్యూబును సూది లేకుండా ఆయన చేతికి టేపుతో అంటించింది. మాత్రలు మింగేవాళ్లకూ ఇన్నే ఇస్తాం అంటూ రెండు గ్లాసుల నీళ్లు తాగించి, తెర లాగింది.

పావుగంటకు ఆయన బెల్లు కోసం చెయ్యి చాపారు. జానెడు తక్కువైంది. "సిస్టర్!" అన్నారు. మళ్లీ గట్టిగా అన్నారు.

తెర అవతల పదో మంచం పెద్దాయన మేలుకున్నాడు.

"కొత్తగా చేరారా బాబూ? అరిచి లాభం లేదు. మొన్న నేనూ అరిచి అరిచి దిగాను, పడ్డాను. మీరు గోడ పట్టుకుని దిగండి."

ఆయన దిగారు. తెర తీసేసరికి డాక్టరమ్మ రిజిస్టరుతో నిలబడి ఉంది.

"బాత్రూమ్ ఎటమ్మా?"

"ఎడమవైపు సార్. దిగిన కారణం ఏమని రాయను?"

"ముందు దారియ్యి తల్లీ!"

ఆయన సెలైన్ స్టాండును వెంట లాక్కుంటూ వెళ్లారు.

పన్నెండింటికి పోస్టు ఉంచమని ఫైలు మీద సంతకం చేశారు. రిజిస్టరులో పదకొండో మంచం వరుసలో "బెల్లు అందలేదు" అని ఉంది. చేతిరాత పిన్నిది. సాయంత్రం నాలుగింటికల్లా ముప్పై రెండు మంచాల దగ్గరా కొక్కేలు ఊడాయి. స్క్రూడ్రైవరు పట్టుకున్నదీ ఆవిడే.